చీమకుర్తిలో వంటగట్టు రాయి కోసం రెండు రోజులు

కొత్త ఇంటి వంటగట్టుకి బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ వేయించాలని ముందే అనుకున్నాం. అద్దంలా మెరిసే పాలిష్‌దా, తోలులా కాస్త గరుగ్గా ఉండే లెదర్ ఫినిష్‌దా అన్నది మాత్రం ఎంతకీ తేలలేదు. విజయవాడ షాపుల్లో అరచేయంత ముక్కలు చూపించి, ఏదైనా బాగుంటుంది మేడమ్ అంటారు. అందుకే అమ్మని వెంటబెట్టుకుని ఆ రాయి పుట్టే చోటికే వెళ్లాను.

పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒంగోల్లో దిగాం. అక్కడి నుంచి చీమకుర్తి కర్నూలు రోడ్డు మీద 20 కిలోమీటర్ల పైచిలుకు. బస్సులున్నాయి గానీ, పలకలు కోసి అమ్మే యార్డులు దూరదూరంగా ఉంటాయి కాబట్టి రోజంతటికీ కారు మాట్లాడుకోవడమే మేలు. బస మాత్రం నచ్చలేదు. మెయిన్ రోడ్డు పక్కన లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా లారీల హారన్లు, పొద్దున ఏడు దాటితే వేడినీళ్లు రావు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లోపలి వీధుల్లో గది చూసుకోండి.

మొదటి యార్డులో అన్నీ పెద్ద ఆర్డర్లే, ఒక్క వంటింటికి కోసివ్వం అన్నారు. రెండోది చిన్నది. అక్కడి పెద్దాయన పాలిష్, లెదర్, మెరుపు లేకుండా నున్నగా ఉండే మ్యాట్, మూడు పలకలూ ఎండలోకి తీయించి నిలబెట్టాడు. పాలిష్ పలకలో బంగారు చుక్కలు మెరిసిపోతున్నాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. లెదర్ పలకలో నలుపు అలాగే ఉంది, చుక్కల మెరుపు తగ్గింది. మ్యాట్ పలకైతే నలుపే పోయి బూడిద రంగులోకి దిగింది.

అమ్మ సంచిలోంచి చిన్న నూనె సీసా, డబ్బాలో చింతపండు గుజ్జు, గుప్పెడు గోధుమపిండి తీసింది. నాకు కూడా చెప్పలేదు! “అన్నా, కాస్త పాడుచేస్తా, ఏమనుకోకు” అంది. పెద్దాయన నవ్వి, “చెయ్యమ్మా, కొనేది నువ్వేగా” అన్నాడు.

నూనె చేత్తో మ్యాట్ పలకను తాకితే వేళ్ల ముద్రలు పడ్డాయి, తుడిచినా మరక పోలేదు. నల్లరాయికి మ్యాట్ వద్దని అక్కడే తేలిపోయింది. లెదర్ మీద నూనె చెయ్యి కనిపించనే లేదు. వజ్రపు పొడి పట్టించిన బ్రష్షులతో రుద్దుతారట, చేత్తో తడిమితే సన్నని ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి. చిక్కు పిండి దగ్గర వచ్చింది. తడిపిండి ఆ పల్లాల్లో ఇరుక్కుంటే అమ్మ గోరుతో గీకాల్సి వచ్చింది. పాలిష్ మీద ఒక్క తుడుపుతో పోయింది. చింతపండుకి మూడింట్లో దేనికీ ఏమీ కాలేదు. మా పాత ఇంట్లో కడప బండ ఉండేది. అది సున్నపురాయి కావడంతో పులుపు పడ్డచోటల్లా వెలిసిపోయింది.

పాలిష్‌కీ లోపం ఉంది. మాది బోరు నీళ్లు, ఆరితే తెల్లటి చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పూటపూటా పొడిబట్టతో తుడవాల్సిందే. అయినా చపాతీలు, అరిసెలు గట్టు మీదే ఒత్తే ఇంటికి పాలిష్ సరైనదని నా అభిప్రాయం. పిండి పనులు లేని చోట లెదర్ పెట్టుకోవచ్చు, అందుకే మా భోజనాల అరుగుకి అదే తీసుకున్నాం. అడుగుకి ధర కొంచెం ఎక్కువ పడింది. అంచులు కూడా బ్రష్‌తోనే చేసివ్వమని ముందే మాట్లాడుకోండి. లేకపోతే పైన లెదర్, అంచు పాలిష్ అయ్యి అతుకు వేసినట్టుంటుంది.

రవాణాలోనే దెబ్బ తిన్నాం. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకి అయిదున్నర కిలోల దాకా తూగుతుంది. వ్యాన్ వాళ్లు పలకల్ని నిలబెట్టకుండా పడుకోబెట్టి తెచ్చారు. సింక్ రంధ్రం అక్కడే కోయించుకున్నాం కాబట్టి రంధ్రం పక్కన మిగిలిన సన్నటి పట్టీ దగ్గర పలక చీలింది. వ్యాన్ వాళ్లు మాది కాదన్నారు. పెద్దాయన మాత్రం ఫోన్‌లో ఫొటో చూసి, అదే బ్లాకులోంచి కోసిన ఇంకో పలక నాలుగు రోజుల్లో పంపాడు, దాని డబ్బులు సగమే తీసుకున్నాడు. ఈసారి సింక్ కటింగ్ మా వంటింట్లోనే, గట్టు మీద పలక పరిచాక చేయించాం.