జే చౌ తొలి ఆల్బమ్‌లు: మొదట ఏది వినాలి?

మాండరిన్ పాప్, అంటే చైనా భాష మాండరిన్‌లో వచ్చే పాప్ పాటలు, వినాలని ఉందంటే ఎవరైనా ముందు చెప్పే పేరు తైవాన్ గాయకుడు జే చౌ. మనలో కొందరు అతన్ని ఇప్పటికే చూసి ఉంటారు కూడా. 2011లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ది గ్రీన్ హార్నెట్'లో కేటో వేషం వేసింది అతనే. అయితే అతని పాటలు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి అని అడిగితే ఎక్కువమంది 'ఫాంటసీ' అంటారు. అది 2001 సెప్టెంబర్‌లో వచ్చిన రెండో ఆల్బమ్. గొప్ప ఆల్బమ్, అందులో సందేహం లేదు. కానీ భాష రాని మనం దాంతో మొదలుపెట్టకూడదనీ, అంతకు పది నెలల ముందు వచ్చిన 'జే' అనే మొదటి ఆల్బమే ముందు వినాలనీ నా అభిప్రాయం. 2003 నాటి ఆల్బమ్ 'యే హుయ్‌మే'ని కూడా ఈ పోలికలోకి తీసుకోవాలి. మనలో ఒక రకం శ్రోతలకి అదే ముందు నచ్చుతుంది.

అతని నేపథ్యం కొంచెం తెలిస్తే ఈ పోలిక తేలిగ్గా అర్థమవుతుంది. జే చౌ 1979లో పుట్టాడు. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. పసితనంలోనే పియానో మొదలైంది, తర్వాత చెల్లో. తామ్‌కాంగ్ హైస్కూల్లో సంగీతం చదివాడు కానీ యూనివర్సిటీలో సీటు రాలేదు. 1998లో ఒక టీవీ టాలెంట్ షోలో స్నేహితుడు పాడుతుంటే వెనక పియానో వాయించాడు. ఆ షో నడిపే జాకీ వూ అతని నోటేషన్ కాగితాలు చూసి, ఈ కుర్రాడిలో విషయం ఉందని అల్ఫా మ్యూజిక్ కంపెనీలోకి తీసుకున్నాడు. రెండేళ్లు తెర వెనక పాటలు కట్టడమే పని. పది రోజుల్లో యాభై పాటలు చేస్తే అందులోంచి పది ఏరి ఆల్బమ్ వేస్తానని జాకీ వూ మాటిచ్చాడని చెప్పుకుంటారు. 2000 నవంబర్‌లో వచ్చిన 'జే'లో పాటలు పదే. అన్నింటికీ బాణీ అతనిదే.

ఇక్కడ మనకి కావలసిన సంగతి ఒకటుంది. ఈ పది పాటలూ ఒక బాణీకర్త చేసినవి. స్టార్ అయ్యాక తన ఇమేజ్ కోసం చేసినవి కావు. పియానో ముందు కూర్చుని, ఈ బాణీ నిలబడుతుందా లేదా అని చూసుకుంటూ కట్టినట్టు ఉంటాయి. 'టోర్నడో' వినండి. నెమ్మదిగా, దాదాపు బద్ధకంగా మొదలవుతుంది. పల్లవి వచ్చేసరికి గొంతు పైకి లేస్తుంది, కానీ అరవడు. ప్రేమ సుడిగాలిలా వచ్చి చుట్టేసిందని ఆ పాట అర్థం. ఆ ముక్క తెలియకపోయినా ఏదో చేయి దాటిపోయిందని వినేవాళ్లకి తెలిసిపోతుంది. 'బ్లాక్ హ్యూమర్' ఇంకా మంచి ఉదాహరణ. మాటలూ బాణీ రెండూ అతనివే. పియానో మీద మొదలై, చివరికొచ్చేసరికి గొంతు పగిలిపోతుందేమో అన్నంత దూరం వెళుతుంది. ఇరవై ఒకటో ఏట ఇంత ఓపిగ్గా ఒక పాటని పెంచుకుంటూ పోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

'స్టారీ మూడ్' హాయిగా సాగిపోయే పాట. 'అడోరబుల్ ఉమన్' ఆర్ అండ్ బీ, అంటే అమెరికా నల్లజాతి సంగీతంలోంచి వచ్చిన లయ ప్రధానమైన శైలి. నిజానికి తైవాన్‌లో ఆర్ అండ్ బీకి దారి వేసింది జే చౌ కాదు. 1997లోనే గాయకుడు డేవిడ్ టావో తన మొదటి ఆల్బమ్‌తో ఆ పని చేశాడు. జే చౌ చేసింది ఆ లయలోకి తనకు తెలిసిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ, చైనా పాతకాలపు వాసననీ కలపడం. 'నియాంగ్‌జు' అనే పాటలో హిప్ హాప్ బీట్ మీద, ఊళ్లో ఎదురుచూసే భార్యని తలుచుకునే పాతకాలపు మాటలు ర్యాప్‌గా వస్తాయి. అవి రాసింది విన్సెంట్ ఫాంగ్. ఎలక్ట్రికల్ పనుల లాంటివి చేసుకుంటూ పాటలు రాసుకున్న మనిషి. ఆ తర్వాత జే చౌ పేరు చెబితే ఫాంగ్ పేరు కూడా చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది.

అలా అని 'జే'లో లోపాలు లేవని కాదు. రికార్డింగ్ కొన్నిచోట్ల పలచగా ఉంటుంది. ర్యాప్ పాటల్లో ఒకటి రెండు ఈరోజుకి పాతబడ్డాయి. ఇక మాటలు స్పష్టంగా పలకడన్న ఫిర్యాదు అప్పుడే మొదలైంది. మాండరిన్ పుట్టు భాషగా ఉన్నవాళ్లు కూడా అతను ఏం పాడుతున్నాడో అర్థం కాక పాటల పుస్తకం చూసుకునేవాళ్లు. అసలు ఆ భాషలో గొంతు ఎత్తడం దించడం మీదే అర్థం ఆధారపడుతుంది. బాణీ వచ్చి ఆ ఎత్తుపల్లాలను మింగేస్తుంది. అందుకే అక్కడ వీడియోల కింద పాట మాటలు వేయడం మామూలు. పైగా ఇతను మాటలు నములుతాడు. మనకి ఇది ఒక రకంగా ధైర్యం ఇచ్చే విషయం. ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు భాష వచ్చినవాళ్లు కూడా బాణీ పట్టుకునే నడిచారు. 2001లో తైవాన్ సంగీత పురస్కారాలైన గోల్డెన్ మెలడీ అవార్డుల్లో ఉత్తమ ఆల్బమ్ బహుమతి దీనికే వచ్చింది.

ఇక 'ఫాంటసీ'. ఆల్బమ్‌గా చూస్తే ఇదే పెద్దది. ఇందులోనూ పది పాటలే, కానీ ఒక్కోటి ఒక్కో లోకం. 'లవ్ బిఫోర్ బీసీ'లో ప్రాచీన నగరం బాబిలోన్, దాని రాజు హమ్మురాబి నల్లరాతి మీద చెక్కించిన శాసనం, మ్యూజియం గాజు పలక, వీటి మధ్య ఒక ప్రేమకథ. ఆ పాటకి 2002లో ఉత్తమ స్వరకర్త బహుమతి తెచ్చుకున్నాడు. ఉత్తమ ఆల్బమ్ బహుమతి కూడా మళ్లీ అతనిదే. 'షాంఘై 1943' పాత ఫొటో ఆల్బమ్ తిరగేసినట్టు ఉంటుంది. 'విలియమ్స్ కాజిల్' రక్తపిశాచాల కోట. 'డాడ్, ఐయామ్ బ్యాక్' తాగొచ్చి భార్యని కొట్టే తండ్రి గురించి. పాప్ పాటల్లో, అదీ టీనేజర్లు కొనే ఆల్బమ్‌లో, ఆ రోజుల్లో ఈ విషయం ఎత్తడానికి గుండె కావాలి.

సమస్య సరిగ్గా ఇక్కడే ఉంది. ఈ ఆల్బమ్ సగం బలం మాటల్లో ఉంది. హమ్మురాబి అని తెలియకుండా మొదటి పాట 'లవ్ బిఫోర్ బీసీ' వింటే అది ఒక మంచి మిడ్ టెంపో పాట, అంతే. తండ్రి గురించిన పాట సంగతి మరీ అన్యాయం. విషయం తెలియకపోతే తల ఊపుకుంటూ వినేస్తాం. మొదటిసారి వినేటప్పుడు అనువాదం చేతిలో పట్టుకుని కూర్చోమని ఎవరికీ చెప్పలేం. అది చదువు అవుతుంది, వినికిడి కాదు.

భాష అక్కర్లేకుండా నిలబడేవి ఇందులోనూ ఉన్నాయి. 'సింపుల్ లవ్' ఎవరికైనా నచ్చుతుంది. నటి, గాయని వివియన్ సూ రాసిన తేలిక మాటలు, దానికి తగ్గ తేలిక బాణీ. 'నంచక్స్' (గొలుసుతో కలిపిన జంట కర్రల ఆయుధం) అయితే రాక్ గిటార్లు, ర్యాప్, మధ్యలో చైనా తీగవాద్యం ఎర్హూ, పియానో, అన్నీ కలిసిన పాట. బ్రూస్ లీ సినిమాలు చూసి పెరిగినవాళ్లకి దీని ఊపు వెంటనే అందుతుంది. ఈ పాటని ముందు తైవాన్ గాయని ఆమెయ్ కోసం కట్టాడనీ, ఆమె తీసుకోలేదనీ అంటారు. దాని వెంటనే చివరి పాట 'సైలెన్స్', పియానో మీద విడిపోవడం గురించి. అంత హోరు తర్వాత ఆ పాటని పెట్టడం ఆల్బమ్ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన నిర్ణయం. అందుకే 'ఫాంటసీ'ని పాటలుగా విడదీసి కాక వరసలో వినాలి. వరసలో వినాలంటే అతని గొంతు ముందే కొంత అలవాటై ఉండాలి.

2002 నాటి 'ది ఎయిట్ డైమెన్షన్స్' మీద ఎక్కువసేపు ఆగను. మంచి పాటలున్నాయి, కానీ 'ఫాంటసీ'లో దొరికిన దారినే మళ్లీ నడిచినట్టు ఉంటుంది.

'యే హుయ్‌మే' అలా కాదు. 2003 జూలైలో వచ్చింది. అది వాళ్లమ్మ పేరు. అదే ఏడాది మార్చిలో టైమ్ పత్రిక ఆసియా సంచిక అతన్ని ముఖచిత్రంగా వేసింది, అంటే అప్పటికే ఖండమంతా అతని వైపు చూస్తోంది. ఆ ఒత్తిడి కొన్ని పాటల్లో కనిపిస్తుంది కూడా. 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్'లో మాఫియా కథ, ఇటాలియన్ ప్రార్థన, ఒపేరా గొంతు అన్నీ ఉన్నాయి. భారీగా ఉంటుంది, నాకు కొంచెం బరువెక్కువ. ఆల్బమ్ మధ్యలో రెండు మూడు పాటలు మామూలువే. కానీ 'సన్నీ డే' గిటార్ మొదలవగానే ఎక్కడో విన్నట్టు ఉంటుంది. స్కూలు రోజుల ప్రేమ, వాన, చెప్పలేకపోయిన మాట. మాటలూ బాణీ అతనివే.

ఇక 'ఈస్ట్ విండ్ బ్రేక్స్'. నేను పైన చెప్పిన ఒక రకం శ్రోతలకి ఈ పాట కోసమే 'యే హుయ్‌మే' ముందు వినమంటాను. కర్ణాటక సంగీతమో, పాత సినిమా పాటలో ఇష్టంగా వినేవాళ్లన్న మాట. చైనా సంప్రదాయ సంగీతంలో ప్రధానమైన ఐదు స్వరాల వరసా మన మోహన రాగంలోని స్వరాలూ ఒకటే. ఐదు స్వరాల ఛాయలో సాగే ఈ పాట పీపా (మీటి వాయించే చైనా తీగవాద్యం), ఎర్హూ వాద్యాలతో, ఆర్ అండ్ బీ లయ మీద నడుస్తుంది. చెవికి పరాయి పాటలా ఉండదు. ఫాంగ్ రాసిన మాటలు పాత చైనా కవిత్వం ఛాయలో ఉంటాయి. ఆ తర్వాత మాండరిన్ పాప్‌లో చైనా శైలి పాటల వెల్లువ వచ్చింది. దానికి మొదలు ఇదేనని చాలామంది అంటారు. కానీ బీజం 2000లోనే 'నియాంగ్‌జు'లో పడింది. రెండూ పక్కపక్కన వింటే మూడేళ్లలో అతను ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది.

కాబట్టి సినిమా పాటల బాణీలకి అలవాటుపడిన మామూలు శ్రోతలు 'జే' మొత్తం వినండి. 'బ్లాక్ హ్యూమర్' మనసుకి పడితే మీకు ఈ గాయకుడు దొరికినట్టే. పడకపోతే 'ఫాంటసీ' కూడా పెద్దగా సాయం చేయదు. రాగాల మీద ఇష్టం ఉన్నవాళ్లు 'ఈస్ట్ విండ్ బ్రేక్స్'తో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి రండి. 'ఫాంటసీ'ని రెండు దారుల్లోనూ రెండోదిగానే పెట్టుకోండి. అప్పుడు మాత్రం ఇంగ్లిష్ అనువాదం వెతుక్కుని, 'డాడ్, ఐయామ్ బ్యాక్', 'లవ్ బిఫోర్ బీసీ' పాటల మాటలు ఒకసారి చదివి, ఆపకుండా 'సైలెన్స్' దాకా వినండి.