సెకండ్‌హ్యాండ్ డిస్కులతో హోమ్ సర్వర్: ఆరు చిన్నవా, రెండు పెద్దవా?

హోమ్ సర్వర్‌లో జాగా నిండిపోయింది, కొత్త డిస్కులు కొనేంత బడ్జెట్ లేదు. అప్పుడు అందరం సెకండ్‌హ్యాండ్ సరుకు వైపే చూస్తాం. అక్కడ ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది డేటా సెంటర్లు వదిలించుకున్న 3, 4 టీబీ సాస్ (సర్వర్లలో వాడే కనెక్షన్ రకం) డిస్కులు. వీటిని దాదాపు తూకానికి అమ్మినట్టు అమ్మేస్తుంటారు. రెండోది అలాంటి చోట్ల నుంచే వచ్చిన 12, 14, 16 టీబీ హీలియం డిస్కులు (లోపల గాలికి బదులు హీలియం నింపినవి). వీటిని పరీక్షించి, రీసర్టిఫైడ్ అని చీటీ అంటించి, కాస్త గట్టి రేటే చెబుతారు. టీబీకి ఎంత పడుతుందని చూస్తే చాలాసార్లు చిన్నవే చవక. నేనూ ఆ లెక్కే చూసుకుని 4 టీబీవి ఆరు కొన్నాను. మళ్లీ కొనాల్సి వస్తే మాత్రం అలా లెక్కేయను.

ఎందుకో చూడండి. మనకు 16 టీబీ జాగా కావాలనుకుందాం. 4 టీబీ డిస్కులు ఆరు పెట్టి జెడ్‌ఎఫ్‌ఎస్‌లో (డిస్కుల్ని కలిపి నడిపే ఫైల్ సిస్టమ్) రైడ్‌జెడ్2 (ఏ రెండు డిస్కులు పోయినా డేటా మిగిలే అమరిక) చేస్తే రెండు డిస్కుల జాగా పారిటీకి, అంటే పోయిన డేటాను తిరిగి కట్టే లెక్కకు, పోయి 16 మిగులుతుంది. 16 టీబీవి రెండు తెచ్చి మిర్రర్ చేసినా (రెండింట్లోనూ ఒకటే డేటా) మిగిలేది 16 టీబీయే. 7200 ఆర్‌పీఎం పాత సాస్ డిస్కు ఏ పనీ లేకుండా తిరుగుతున్నా సుమారు 7 వాట్లు లాగుతుంది. ఆరింటికి 42. సాస్ డిస్కుల్ని మదర్‌బోర్డుకు నేరుగా తగిలించలేం, విడిగా కార్డు కావాలి. దానికి ఇంకో 10 వేసుకుంటే మొత్తం 52. హీలియం డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు 5 వాట్ల దగ్గర ఉంటుంది కాబట్టి రెండింటికి 10. ఇక్కడ ఒక బండ గుర్తు పనికొస్తుంది: రాత్రీ పగలూ నడిచే పెట్టెలో ఒక్క వాట్ అంటే ఏడాదికి 8.76 యూనిట్లు. ఆ లెక్కన ఆరు డిస్కులకు ఏడాదికి 455 యూనిట్లు, రెండు డిస్కులకు 88. తేడాను మీ కరెంటు రేటుతో గుణించి, ఎన్నేళ్లు వాడదామనుకుంటున్నారో దానితో మళ్లీ గుణించండి. డిస్కుల దగ్గర మిగిలిందనుకున్న డబ్బు ఎటు పోతుందో తెలిసిపోతుంది. కరెంటు బాగా చవకైన చోట, లేదా సోలార్ ఉన్న ఇంట్లో, ఈ వాదన సగం వీగిపోతుందని ఒప్పుకుంటాను.

మిగతా సగం, డిస్కు పెట్టే అర గురించి. మామూలు క్యాబినెట్‌లో 3.5 అంగుళాల డిస్కులు నాలుగో ఆరో పడతాయి, పాత ఆఫీసు పీసీలో అయితే రెండే. ప్రతి అరకూ ఒక పోర్టు, ఒక పవర్ కనెక్టర్, ఇంత గాలి కావాలి. దాంట్లో 4 టీబీ పెట్టి నింపేస్తే తర్వాతి విస్తరణకు చోటుండదు, క్యాబినెట్టే మార్చాలి. అందుకే టీబీకి ఎంత అనే లెక్క పక్కన అరకు ఎన్ని టీబీ అనే లెక్క కూడా రాసుకోవాలి.

సాస్ అంటే కార్డు ఒక్కటే కాదు

ఆరు డిస్కులూ ఇంటికి వచ్చాక కేబుల్ పెట్టబోతే ఎక్కలేదు. సాటా డిస్కులో (మామూలు పీసీల్లో ఉండే రకం) డేటా, పవర్ కనెక్టర్ల మధ్య చిన్న సందు ఉంటుంది, సాస్ డిస్కులో అది ప్లాస్టిక్‌తో పూడ్చి ఉంటుంది. సాస్ కార్డుకు సాటా డిస్కు తగిలించొచ్చు కానీ మదర్‌బోర్డు సాటా పోర్టుకు సాస్ డిస్కు పనిచేయదు. అమ్మినవాడు ఆ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. బజార్లో సాస్ డిస్కులు చవగ్గా ఉండటానికి ఒక కారణం ఇదే: ఇళ్లలో వాడేవాళ్లలో చాలామంది వాటి జోలికి పోరు.

సరే, కార్డు కొన్నాను. ఇక్కడ మాత్రం సెకండ్‌హ్యాండ్ సరుకు నిజంగా బాగుంటుంది. ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ, దాని తర్వాత వచ్చిన 9207-8ఐ ఎన్నేళ్లయినా నడుస్తూనే ఉంటాయి. డెల్ హెచ్310, ఐబీఎం ఎం1015 కూడా లోపల 9211లో ఉన్న సాస్2008 చిప్పే. వాటి సొంత రైడ్ ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చూపిస్తాయి. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు కావలసింది అదే. ముందే ఐటీ మోడ్‌లో ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, ఒక రాత్రి నిద్ర మిగులుతుంది. అన్నిటికన్నా చవగ్గా కనిపించే 1068ఈ చిప్ కార్డులు మాత్రం వద్దు. అవి 2 టీబీకి మించిన డిస్కును పూర్తిగా గుర్తించవు.

కార్డుతో ఖర్చు ఆగితే బాగుండేది. ఒక్కో పోర్టు నుంచి నాలుగు డిస్కులకు చీలే కేబుళ్లు కావాలి. అందులోనూ ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలు ఉంటాయి. చూడటానికి కవల పిల్లల్లా ఉన్నా రెండో రకం ఇక్కడ పనిచేయదు. తర్వాత వేడి. ఈ కార్డుల్ని సర్వర్ పెట్టెలో హోరున వీచే గాలిని నమ్ముకుని తయారుచేశారు. ఇంటి క్యాబినెట్‌లో హీట్‌సింక్ మీద వేలు పెట్టలేం. దాని మీద చిన్న ఫ్యాన్‌ను జిప్ టైతో కట్టాల్సి వచ్చింది. ఆపైన పవర్ సప్లై. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైన్ మీదే 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 24 వాట్లు. ఆరూ ఒక్కసారి లేస్తే 144. పాత ఆఫీసు పీసీ పవర్ సప్లైకి అది పరీక్షే. కనెక్టర్లు చాలక మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్లు వాడాలనుకుంటే, తీగల మీద ప్లాస్టిక్ పోతపోసిన రకం జోలికి పోకండి. లోపల షార్ట్ అయి కాలిపోతాయని వాటికి చెడ్డపేరు ఉంది. ఇలా ఒక్కొక్కటీ చేరి తడిసి మోపెడైంది.

ఇంకో చిక్కు: నెట్‌యాప్, ఈఎంసీ లాంటి స్టోరేజ్ పెట్టెల నుంచి ఊడదీసిన డిస్కుల్లో కొన్ని, మామూలు 512కు బదులు 520 బైట్ల సెక్టర్లతో (డిస్కు మీద డేటా రాసే చిన్న గళ్లు) వస్తాయి. డిస్కు కనిపిస్తుంది కానీ వాడటానికి వీలుండదు. ఎస్‌జీ ఫార్మాట్ అనే కమాండ్‌తో 512కు మార్చుకోవచ్చు. కాకపోతే ఒక్కో డిస్కుకు గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకూడదు.

పెద్ద డిస్కులకూ వంకలున్నాయి

రెండు డిస్కుల మిర్రర్‌లో ఒకటి పోతే కొత్తది తెచ్చి, నిండిన 16 టీబీనీ కాపీ చేసేదాకా మిగిలినదే దిక్కు. సెకనుకు సగటున 200 ఎంబీ వేసుకున్నా అది 22 గంటల పని. ఆ రోజంతా టెన్షనే. రైడ్‌జెడ్2లో ఒకటి పోయినా ఇంకొకటి పోయేంత వెసులుబాటు మిగిలి ఉంటుంది. ఆరు డిస్కుల వైపు నిలబడి గట్టిగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే, కొట్టిపారేయలేను. అయితే ఒకే నాణ్యత అనుకున్నా రెండున్న పెట్టెలో కన్నా ఆరున్న పెట్టెలో డిస్కు పోవడం మూడింతలు ఎక్కువ. పైగా చిన్నవి సాధారణంగా ఇంకా ముసలివి. నా ఆరింటిలో రెండు మొదటి ఏడాదిలోనే పోయాయి. డేటా పోలేదు, మనశ్శాంతి పోయింది.

మిర్రర్ కోసం కొనేటప్పుడు రెండు డిస్కుల్నీ ఒకే లాటు నుంచి తీసుకోకండి. ఒకే ర్యాక్‌లో, అదే వేడిలో, అన్నే గంటలు తిరిగినవి దగ్గర దగ్గరగా పోయే అవకాశం ఎక్కువ. వేర్వేరు అమ్మకందారుల దగ్గర, కుదిరితే వేర్వేరు కంపెనీలవి తీసుకోండి.

పెద్ద సాటా డిస్కు తగిలించాక అసలు తిరగడమే లేదంటే వెంటనే చెడిపోయిందని తిప్పి పంపకండి. కొత్త సాటా ప్రమాణంలో పవర్ కనెక్టర్ మూడో పిన్‌కు 3.3 వోల్టులు వస్తే డిస్కు ఆగిపోవాలనే ఏర్పాటు ఉంది. పాత పవర్ సప్లైలు ఆ పిన్‌కు ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటాయి. కరెంటు పారని చిన్న కాప్టన్ టేపు ముక్క ఆ పిన్ మీద అంటిస్తే చాలు.

ఏది కొన్నా పరీక్ష తప్పదు

స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) ముందు 5, 197, 198 నంబర్ల లైన్లు చూడండి. పాడై పక్కన పెట్టిన సెక్టర్లు, అనుమానంలో ఉన్నవి, చదవలేకపోయినవి అక్కడ తెలుస్తాయి. మూడూ సున్నా ఉండాలి. 199 పెరుగుతుంటే మాత్రం డిస్కును తిట్టకండి, చాలాసార్లు తప్పు కేబుల్‌ది. సాస్ డిస్కుల్లో ఈ నంబర్లు ఉండవు, గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్ అనే లైన్ చూడాలి. గంటల విషయానికొస్తే 40,000 అంటే నాలుగున్నరేళ్లకు పైన తిరిగిందని. అంత చూసి భయపడను. గంటలు సున్నా చూపిస్తేనే భయపడతాను. 2025 మొదట్లో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కుల స్మార్ట్ లెక్కలు చెరిపేసి, మధ్యలో ఎవరో కొత్తవని అమ్మిన సంగతి బయటపడింది. ఆ డిస్కుల్లో ఫార్మ్ అనే ఇంకో లాగ్ ఉంటుంది. అందులో అసలు గంటలు అలాగే ఉండటంతో దొరికిపోయింది. స్మార్ట్ రిపోర్టు చదివే స్మార్ట్‌మోన్‌టూల్స్ కొత్త వెర్షన్ ఆ లాగ్‌ను చూపిస్తుంది, రెండు లెక్కలూ పోల్చుకోండి.

ఆ తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే టూల్‌తో రైట్ టెస్ట్. డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీ డిస్కు మీదే చేయాలి. నాలుగు రకాల నమూనాలు డిస్కంతా రాసి, మళ్లీ చదివి చూస్తుంది, అంటే ఎనిమిది చుట్లు. 4 టీబీకి మూడు రోజులు, 16 టీబీకి వారం దాటుతుంది. తిప్పి పంపే గడువు అంతకన్నా ఎక్కువ ఉందో లేదో కొనకముందే చూసుకోండి. 18 టీబీ, ఆ పైన ఉన్నవాటికి బ్లాక్ సైజు 8192 అని ఇవ్వకపోతే అది మొదలే కాదు.

షెల్ఫులు, యూఎస్‌బీ పెట్టెలు

నెట్‌యాప్ డీఎస్4246 లాంటి 24 డిస్కుల షెల్ఫు (డిస్కుల కోసమే ఉన్న విడి పెట్టె) చవగ్గా దొరుకుతుంది. దాని రోద భరించే గది, దానికి పోసే కరెంటు విడిగా ఉన్నవాళ్లకైతే మంచి బేరమే. పడగ్గదిలో సర్వర్ పెట్టుకున్నవాళ్లు ఆ ఆలోచన మానుకోవచ్చు. యూఎస్‌బీ పెట్టెలు అప్పుడప్పుడు కాపీ చేసుకోవడానికి బాగుంటాయి. వాటి మీద జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (కలిపిన డిస్కుల గుంపు) పెట్టి ఏడాదంతా నడిపితే, లోడ్ పడినప్పుడు లింక్ తెగి డిస్కు మాయమయ్యే రోజు ఒకటి వస్తుంది.

చిన్న సాటా డిస్కులు కొనాలనుకునేవాళ్లు ఎస్‌ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడేలా రాసేది, తిరిగి రాయడం నెమ్మది) కాదని మోడల్ నంబర్ చూసి నిర్ధారించుకోవాలి. 2020లో డబ్ల్యూడీ రెడ్ 2 నుంచి 6 టీబీ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడింది. రీబిల్డ్ సమయంలో, అంటే పోయిన డిస్కు స్థానంలో కొత్తదాన్ని నింపేటప్పుడు, అవి జెడ్‌ఎఫ్‌ఎస్‌ను బాగా ఇబ్బంది పెట్టాయి. వాటి నంబర్ చివర ఈఎఫ్‌ఏఎక్స్ అని ఉంటుంది, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతున్నాయి.

ముందుముందు పెంచుకోవడం కూడా మిర్రర్‌తోనే తేలిక, ఇంకో జత చేర్చితే చాలు. రైడ్‌జెడ్‌కు ఒక్కో డిస్కు చేర్చే సదుపాయం ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో, 2025 జనవరిలోనే వచ్చింది. చేతిలో రకరకాల సైజుల డిస్కులున్నవాళ్లకు స్నాప్‌రైడ్ (విడివిడి డిస్కులకు పారిటీ కట్టే సాఫ్ట్‌వేర్) నయం. పారిటీ డిస్కు అన్నిటికన్నా పెద్దదానికి తగ్గకుండా ఉంటే సరిపోతుంది.

నా సర్వర్‌లో ఇప్పుడు నడుస్తున్నవి పెద్దవి రెండే, మదర్‌బోర్డు పోర్టులకే తగిలించాను. మిగిలిన నాలుగు సాస్ డిస్కులు, ఆ కార్డు, జిప్ టై కట్టిన ఫ్యాన్, అన్నీ కలిపి ఒక పాత పీసీలో పెట్టాను. మిర్రర్ ఉన్నా పొరపాటున చెరిపేసిన ఫైల్ రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది కాబట్టి బ్యాకప్ వేరే ఉండాలి. ఆ పని ఈ పాత పీసీదే. వారానికోసారి మాత్రమే లేచే పెట్టె ఎన్ని వాట్లు తింటే ఏం? ఆదివారం పొద్దున అది గుర్రుమంటూ లేచి, పోకూడని ఫోటోలూ కాగితాలూ కాపీ చేసుకుని, మధ్యాహ్నానికి మళ్లీ పడుకుంటుంది.