ఆర్‌లో వర్క్‌స్పేస్ శుభ్రం: తుడిచేయాలా, రీస్టార్ట్ చేయాలా?

డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్. అందులో మనం చేసుకున్న ఆబ్జెక్టులు (డేటా, ఫలితాలు) ఉండే చోటే వర్క్‌స్పేస్. దాన్ని శుభ్రం చేయడానికి స్క్రిప్టు మొదట్లోనే ఆర్ఎం లిస్ట్ ఎల్ఎస్, అంటే rm(list = ls()), లైను పెట్టి అన్నీ తుడిచేసేవాళ్లు ఒక రకం, ఆర్ కోడ్ రాసి నడిపే ఆర్‌స్టూడియోలో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి సెషన్ రీస్టార్ట్ చేసేవాళ్లు ఇంకో రకం. నా ఓటు రెండోదానికే.

మొదటిది పైపై ఊడుపు. ఆబ్జెక్టులు పోతాయి సరే, లోడ్ చేసిన ప్యాకేజీలు, మార్చిన ఆప్షన్లు, వర్కింగ్ ఫోల్డరు అన్నీ అలాగే ఉంటాయి. రాజాం మండలం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి మారింది కదా, మీ డేటా టేబుల్లో ఆ మండలం వరుసల్ని డీప్లయర్ (dplyr) అనే ప్యాకేజీలోని ఫిల్టర్‌తో విడిగా తీశారనుకోండి. ఆ ప్యాకేజీని లోడ్ చేసే లైబ్రరీ లైను రాయడం మర్చిపోయినా, పొద్దున లోడ్ చేసింది ఇంకా ఉంది కాబట్టి మీ దగ్గర చక్కగా నడుస్తుంది. అదే స్క్రిప్టు పలాసలో ఉన్న మీ ఫ్రెండు కొత్త సెషన్‌లో నడిపితే, ఆర్‌తో పాటే వచ్చే స్టాట్స్ ప్యాకేజీలో అదే పేరుతో ఉన్న వేరే ఫిల్టర్ అందుకుంటుంది, ఎర్రర్ వస్తుంది. పైగా పాపం అతను అప్పటిదాకా చేసుకున్న ఆబ్జెక్టుల్ని మీ తుడిచే లైను ముందే మింగేసి ఉంటుంది!

రీస్టార్ట్‌తో ఈ గొడవ లేదు, కాకపోతే పాత ఆర్‌డేటాను (సేవ్ అయిన వర్క్‌స్పేస్ ఫైలు) తిరిగి తెచ్చే టిక్కు సెట్టింగుల్లో తీసేయాలి, లేదంటే చెత్తంతా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పెద్ద మోడల్ మళ్లీ నడపాలంటే విసుగే, ఒప్పుకుంటా. అలాంటి ఫలితాన్ని సేవ్‌ఆర్‌డీఎస్‌తో ఫైల్లో పెట్టుకుని రీడ్‌ఆర్‌డీఎస్‌తో తెచ్చుకోండి.