పడవను ట్రైలర్ మీదికి లాగే బ్రేక్ వించ్: ఒక వేసవి వాడిన తరువాత

డాలస్‌కు ఉత్తరాన ఉన్న లూయిస్‌విల్ జలాశయానికి చేపల వేటకు తీసుకువెళ్లే మా 17 అడుగుల అల్యూమినియం పడవ ట్రైలర్‌కు, పాత వించ్ (పిడి తిప్పితే తాడునో పట్టీనో చుట్టుకుంటూ పడవను లాగే పరికరం) తీసివేసి బ్రేక్ ఉన్న చేతి వించ్ బిగించి ఒక వేసవి గడిచింది. ఫలానా కంపెనీదని చెప్పడం లేదు. ఈ రకం గురించే నా అభిప్రాయం.

సెకండ్‌హ్యాండ్ పడవతో పాటు వచ్చిన పాత వించ్‌లో భారాన్ని ఆపేది పళ్లచక్రంలో టక్కుమని పడే చిన్న ఇనుప నాలుక ఒక్కటే. ఒక సాయంత్రం పడవ సగం పైకి వచ్చాక, ఆ నాలుక పడిందో లేదో చూసుకోకుండా నేను పిడి వదిలాను. పడవ వెనక్కి జారుతుండగా పిడి గిర్రున తిరిగి నా మణికట్టును కొట్టింది. ఎముక విరగలేదు గాని రెండు వారాల పాటు ఆ చేత్తో అన్నం కలుపుకోలేకపోయాను. తప్పు నాదే, కానీ చీకటిపడే వేళ అలసిన మనిషి చేసే తప్పే అది.

కొత్తదానిలో లోపలి రాపిడి బిళ్లలు పడవ బరువుకే బిగుసుకుంటాయి కనుక పిడి ఎక్కడ వదిలితే పడవ అక్కడే నిలుస్తుంది. కిందికి దింపాలన్నా పిడిని వెనక్కి తిప్పవలసిందే. ఇబ్బంది కూడా అక్కడే ఉంది: ఖాళీ పట్టీని చేత్తో సర్రున లాగితే రాదు, మన వెనుక నాలుగు బళ్లు కాచుకుని ఉన్నా సరే, తిప్పుతూనే వదలాలి. పళ్లకు గ్రీజు పెట్టేటప్పుడు అది బిళ్లలకు తగలకుండా చూసుకోవాలి, తగిలితే బ్రేక్ పట్టదు. తీగ తాడుకు బదులు రెండంగుళాల పాలియెస్టర్ పట్టీ తీసుకున్నాను. పోగులు తెగిన ఉక్కుతీగ అరచేతిలో దిగితే ఎలా ఉంటుందో తెలిసినవారు కారణం అడగరు.

ఎంత మంచి వించ్ అయినా ట్రైలర్‌ను నీటిలో నిలిపే లోతు కుదరకపోతే ఉపయోగం లేదు. మరీ లోతుకు దింపితే పడవ తేలిపోయి, ట్రైలర్‌ను పైకి లాగాక వంకరగా కూర్చుంటుంది. పైపైనే ఆపితే బరువంతా పట్టీ మీద పడుతుంది. మా ట్రైలర్‌కు మడ్‌గార్డుల పైఅంచు నీటికి కాస్త పైన కనిపించే లోతు సరిపోతోంది. ఇంజన్ జోరు పెంచి నేరుగా ఎక్కించేవారూ ఉన్నారు గాని, పంకా తోసే నీరు ర్యాంప్ (పడవలను నీటిలోకి దింపే వాలు) చివర మట్టిని తొలిచి గుంట చేస్తుంది, అందుకే చాలా చోట్ల దాన్ని నిషేధించారు.

వించ్ పట్టీనే నమ్మి రోడ్డెక్కడం మాత్రం ప్రమాదం. ముందు కొన కొక్కేనికి విడిగా గొలుసు, మన పడవవాళ్లు అమరం అనే వెనుక భాగానికి రెండు పక్కలా రెండు పట్టీలు తప్పనిసరి. డ్రెయిన్ ప్లగ్ (పడవలో చేరిన నీళ్లు పోయే రంధ్రానికి ఉండే బిరడా) తీసి నీళ్లన్నీ వదిలాకే మేము బయలుదేరుతాము. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకొక చెరువుకు పాకకుండా టెక్సాస్‌లో 2014 నుంచి ఇది రాష్ట్రమంతటా నిబంధన.

తేలికపాటి చిన్న పడవ ఉన్నవారికి ఈ ఖర్చు అనవసరం. మా ఇంట్లో మాత్రం పాత పిడి జోలికి వెళ్లని మా ఆవిడ ఇప్పుడు తానే తిప్పుతోంది, నేను నడుములోతు నీళ్లలో పడవను సరిగా నిలబెడుతున్నాను.