ముద్ద తులిప్‌లు: కుండీలో నిశ్చింత, మడిలో చోటు చూసి నాటాలి

బంతిలో, మందారంలో ఉన్నట్టే తులిప్‌లోనూ రేక పువ్వు, ముద్ద పువ్వు అని రెండు తీరులున్నాయి. రేక తులిప్‌కి ఆరే రేకులు, నిటారుగా నిలిచిన గిన్నె ఆకారం. ముద్ద రకంలో కేసరాలు కూడా రేకులైపోయి పువ్వు పొరలు పొరలుగా నిండుతుంది. పూర్తిగా విచ్చుకున్నాక చూస్తే ఇది తులిపేనా అనిపిస్తుంది. మొక్క మీద నిలిచే రోజులూ ఎక్కువే. చిక్కంతా ఆ రేకుల దగ్గరే వస్తుంది. వాన పడితే వాటి మధ్య నీళ్లు నిలిచి తల బరువెక్కుతుంది, దానికి గాలి తోడైతే కాడ పుటుక్కున విరుగుతుంది. అందుకే ఈ దుంపలు కొనేవాళ్లు రంగుకన్నా ముందు చూడాల్సింది మొక్క ఎత్తు, నాటబోయే చోటు.

ప్యాకెట్ల మీద డబుల్ ఎర్లీ (ముందు పూసే ముద్ద రకం), డబుల్ లేట్ (ఆలస్యంగా పూసేది) అని రెండు పేర్లు కనిపిస్తాయి. తులిప్‌ల వర్గీకరణలో ఇవి 2వ, 11వ గ్రూపులు. ఎర్లీ రకాలు దాదాపు 25–30 సెం.మీ. దగ్గర ఆగిపోతాయి, కాడ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. లేట్ రకాలు రెండు మూడు వారాలు ఆలస్యంగా పూస్తాయి. ఎక్కువ రకాలు 40 సెం.మీ. దాటుతాయి, కొన్ని 60 దాకా వెళ్తాయి. పువ్వు కూడా పెద్దది. పియోనీ అనే మరో ముద్ద పువ్వుని పోలి ఉంటాయని పియోనీ తులిప్‌లని వీటినే అంటారు. రెండూ కలిపి ఒకే కుండీలో నాటి, ఒకేసారి విరబూయాలని ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది.

ఎర్లీలో మొదట కొనదగింది మాంటే కార్లో. 1955 నాటి ఈ పసుపు రకం 30 సెం.మీ. ఎత్తులో కుదురుగా నిలబడుతుంది. తులిప్‌లకి సాధారణంగా వాసన అంతంతమాత్రం. దీనికి మాత్రం తియ్యటి వాసన ఉంది కాబట్టి గుమ్మం పక్క కుండీకి ఇదే సరి. ఫాక్స్‌ట్రాట్ తెలుపు కలిసిన గులాబీ రంగు, అదీ పొట్టి రకమే. లేట్‌లో ఒక్కటే కొంటామంటే ఏంజెలీక్ కొనాలి. 1959 నుంచి ఉన్న ఈ లేత గులాబీ పువ్వుకి అంచులు ఇంకా లేతగా ఉంటాయి, దాని పక్కన ఏ రంగు పెట్టినా పేచీ పడదు. మౌంట్ టకోమా తెల్లది, బయటి రేకుల మీద పచ్చటి చార కనిపిస్తుంది. లా బెల్ ఎపోక్ విషయంలో ప్యాకెట్ ఫొటో చూసి మోసపోవద్దు. పీచు రంగు, మసక గులాబీ, కాఫీ ఛాయ కలగలిసి పువ్వు వయసుతో మారుతూ పోతాయి, ఫొటోలో ఉన్నది ఒక రోజు రంగు మాత్రమే. ఆరెంజ్ ప్రిన్సెస్ లేట్ రకమైనా పొట్టిగా ఉంటుంది, కుండీకి బాగా నప్పుతుంది. బ్లాక్ హీరో ప్రసిద్ధమైన క్వీన్ ఆఫ్ నైట్ అనే రేక తులిప్ నుంచి దానంతటదే పుట్టిన ముద్ద రూపం. దాదాపు నల్లటి మెరూన్, 60 సెం.మీ. దాకా ఎత్తు. ఇది మడికే తప్ప చిన్న కుండీకి తగదు.

దుంప సైజు దగ్గర రాజీ పడకూడదు. చుట్టుకొలత 12 సెం.మీ. లేదా ఆపైన ఉండాలి, ప్యాకెట్ మీద 12/+ అని రాస్తారు. అంతకన్నా చిన్నవి చౌకగా వస్తాయి గానీ పువ్వు చిన్నదవుతుంది, కొన్ని ఒక్క ఆకు వేసి ఊరుకుంటాయి. దుంప చేతిలో బరువుగా, గట్టిగా తగలాలి. గోధుమరంగు పొట్టు చిట్లినా ఊడినా నష్టం లేదు. పైపైన నీలిపచ్చ బూజు ఉండి దుంప గట్టిగానే ఉంటే తుడిచి నాటొచ్చు. తేలికగా ఉండి, నొక్కితే మెత్తగా దిగి, పుల్లటి వాసన వస్తే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే కుళ్లు. ఆ దుంప వదిలే ఇథిలీన్ వాయువుకి పక్క దుంపల్లోని మొగ్గలు లోపలే చచ్చిపోతాయి. ఒక్కటి అలా కనిపించినా సంచి మొత్తం గాలించాలి.

చలి లేనిదే తులిప్ పూయదు. 9 డిగ్రీల లోపు చలిలో 12 నుంచి 16 వారాలు గడవాలి, చలికాలం ఆ పని చేసిపెట్టే చోట నేల బాగా చల్లబడ్డాక నాటితే చాలు. అంత చలి లేని చోట దుంపల్ని కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి, పక్కన ఆపిల్ పండ్లు ఉండకూడదు. ఆ పండ్లూ ఇథిలీన్ వదులుతాయి, ఇక్కడా అదే గొడవ. చలి చాలకపోతే కాడ సాగక, పువ్వు ఆకుల మధ్యే ఇరుక్కుని విచ్చుకుంటుంది.

కుండీలో ఈ పువ్వుకి మంచి న్యాయం జరుగుతుంది, ఎందుకంటే వాన వచ్చినప్పుడు కుండీని చూరు కిందకి జరపొచ్చు. 30 సెం.మీ. వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీకి 12 దుంపలు పడతాయి. మూడు పాళ్లు పాటింగ్ మిక్స్‌కి (కుండీల కోసం కలిపి అమ్మే మట్టి) ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు) లేదా ముతక ఇసుక కలపాలి. అడుగున 12 సెం.మీ. మట్టి పోసి దుంపలు పేర్చాలి. మధ్యలో ఒక వేలి సందు ఉంటే చాలు, ఒకదానికొకటి తగలకూడదు. తులిప్ దుంపని తిప్పి చూస్తే ఒక పక్క ఉబ్బెత్తుగా, ఇంకో పక్క చదునుగా ఉంటుంది. అంచున పెట్టేవాటి చదును వైపు కుండీ గోడ కేసి ఉండాలి. మొదటి పెద్ద ఆకు ఆ వైపే వస్తుంది కాబట్టి ఆకులు బయటికి వాలి కుండీ అంచుని కప్పుతాయి, పువ్వులకి మధ్యలో చోటు మిగులుతుంది. పైన మరో 12 సెం.మీ. దాకా మట్టి కప్పి ఒకసారి బాగా తడపాలి. మొలక కనిపించేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు, తడి ఎక్కువైతే కుళ్లుతుంది. ఆకు విచ్చాక మాత్రం ఒక్కసారి కూడా ఎండనివ్వకూడదు. ఆ దశలో నీళ్లు తప్పితే మొగ్గ కాగితంలా ఎండిపోతుంది, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా తిరిగి రాదు.

మడిలో లోతు 15–20 సెం.మీ., ఎడం 10–12 సెం.మీ. లోతు తగ్గితే కాడకి పట్టు దొరకదు, తల బరువైన రకాలకి అది ఇంకా ప్రమాదం. ఎండ బాగా తగిలి, గాలిని గోడో పొదో ఆపే చోటు కావాలి. వరుసగా కాకుండా పది పదిహేను గుంపుగా నాటితే పువ్వులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. బంకమట్టి అయితే ముందే ముతక ఇసుక, చివికిన ఎరువు కలపాలి. నత్రజని ఎరువులు వద్దు, కాడ లేతగా సాగి తొందరగా వాలిపోతుంది.

మొలకలే మెలి తిరిగి, గోధుమరంగులో కాలినట్టు వస్తే అది తులిప్ ఫైర్ అనే బూజు తెగులు. మందుల కోసం చూడకుండా దుంపతో సహా పీకి నాశనం చేయాలి, కంపోస్టులో వేయకూడదు, ఆ చోట కనీసం మూడేళ్లు తులిప్ నాటకూడదు. దుంపలు ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవడం మంచిది, వాటి రసానికి చర్మం దురద పెడుతుంది. కుక్కలకి, పిల్లులకి ఈ దుంపలు విషం.

ఇక రెండో ఏడాది సంగతి. పూసిన దుంప కరిగిపోయి దాని చోట పిల్ల దుంపలు పుడతాయి, ముద్ద రకాల్లో అవి పూసేంత సైజుకి పెరగడం తక్కువే. కుండీలో నాటినవాటిని ఒక్క సీజన్ పువ్వులుగానే లెక్కేసుకుని కొనడం సబబు. మడిలో ఉంచాలనుకుంటే వాడిన పువ్వుని తలవరకే తుంచి, కాడ, ఆకులు అలాగే వదలాలి, పొటాష్ ఎక్కువున్న ఎరువు వేయాలి. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ పిల్ల దుంప పెరుగుతూనే ఉంటుంది. ఆరు వారాలు పట్టొచ్చు. పసుపెక్కిన ఆకుని పట్టి మెల్లగా లాగితే ఊడి చేతికి రావాలి. రాలేదంటే ఇంకో వారం ఆగి చూడాలి.