ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్: నాలుగు సిట్టింగులు, మూడేళ్ల తర్వాత

బుగ్గల మీద మొటిమలు మిగిల్చిన గుంటలకు ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్, అంటే చర్మాన్ని సన్నటి చుక్కలు చుక్కలుగా కాల్చే చికిత్స, చేయించుకుని మూడేళ్లు దాటింది. గుంటలు సగానికి పైగా పూడాయి. కణతల దగ్గర సూదితో పొడిచినట్టుండే సన్నటివి మాత్రం అలాగే ఉన్నాయి. ఫలితం నాకు తృప్తిగానే ఉంది. కానీ మధ్యలో ఐదు నెలలు నేను పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి సిట్టింగ్ డిసెంబర్‌లో. మత్తు క్రీమ్ రాసి గంటసేపు కూర్చోబెట్టారు. కళ్లకు కవచాలు పెట్టారు. వెంట్రుక కాలిన వాసన, చురుక్కు చురుక్కుమని మంట. రాత్రికి ముఖం ఎర్రగా ఉబ్బింది. మూడో రోజు అద్దంలో చూస్తే బుగ్గంతా బొంబాయి రవ్వ వేయించి అతికించినట్టు గోధుమరంగు చుక్కలు, వరసలు వరసలుగా. అమ్మ పసుపు రాస్తానంటే వద్దన్నాను. గిల్లకుండా వాజెలిన్ రాస్తూ ఉంటే వారానికి రాలిపోయాయి. అంతా బాగుంది.

రెండోది మార్చి నెలాఖరున. విజయవాడ ఎండలు, రోజూ స్కూటీ మీద ఆఫీసు. ఈసారి చేసింది డాక్టర్ కాదు, టెక్నీషియన్. ఎండలో తిరుగుతున్నావా అని అడగలేదు. "ఈసారి పవర్ పెంచుతున్నాం" అన్నాడు, అంతే. మూడు వారాలకు లేజర్ ఆనించిన ప్రతిచోటా చతురస్రాలుగా నల్లటి మచ్చలు తేలాయి. పెళ్లిలో పిన్ని "ముఖానికేమైందే?" అంటే గదిలోకెళ్లి ఏడ్చాను.

తర్వాత చూపించుకున్న చర్మ వైద్యురాలు ఓపికగా చెప్పారు. ఈ లేజర్ కాంతిని చర్మంలోని నీరు పీల్చుకుని ఆవిరవుతుంది. ఆ వేడి పక్కన ఉన్న చర్మానికీ పాకుతుంది. మన చామనఛాయ చర్మం వేడికీ వాపుకూ తొందరగా నల్లబడుతుంది, ఎండ తోడైతే మరీను. చాలావరకు ఆ నలుపు తగ్గిపోతుందట, కాకపోతే నెలలు పడుతుంది. నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్ క్రీమ్ ఆవిడ చెప్పినన్ని వారాలే రాశాను. మందుల షాపులో అడిగి కొనుక్కుని ఏళ్ల తరబడి రాసే మందు కాదది. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ బయటుంటే రెండు మూడు గంటలకోసారి, పైన చున్నీ.

మిగతా రెండు సిట్టింగులు చలికాలంలో ఆవిడ దగ్గరే చేయించుకున్నాను. ముందు చెవి వెనక చిన్నచోట చేసి, కొన్ని వారాలు ఆగి చూశారు. పవర్ తగ్గించారు, చుక్కల మధ్య ఎడం పెంచారు. పెదవి మీద అప్పుడప్పుడు నీటి పొక్కులు (హెర్పిస్) వస్తాయా అని అడిగారు. వస్తాయన్నాను. లేజర్‌కి అవి తిరగబెట్టి ముఖమంతా పాకే ప్రమాదముందని ముందురోజు నుంచే ఆ వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మాత్రలు వేయించారు. మొదటి చోట ఈ ప్రశ్నే రాలేదు, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. రెండు మూడు రోజులయ్యాక నొప్పి తగ్గకుండా పెరిగినా, చీము కనిపించినా రాత్రయినా ఫోన్ చేయమన్నారు.

మా చెల్లి కూడా చేయించుకుంటానంటోంది. నవంబర్ దాకా ఆగమన్నాను. తనతో పాటు నేనూ వెళ్తాను. మెషీన్ ఎవరు పట్టుకుంటారో ముందే అడుగుతాను.