గ్రహణం మీద ప్రసంగం, తల్లిదండ్రుల గొడవ: మా పిల్లల పాఠశాల ఎలా నడుచుకుంది

పిల్లల్ని చేర్పించే ముందు అందరూ ఫీజు, బస్సు, పదో తరగతి ఫలితాలు అడుగుతారు. బయటినుంచి అతిథి వచ్చి మాట్లాడబోతే, దానిమీద తల్లిదండ్రుల్లో తగాదా పుడితే యాజమాన్యం ఎటు నిలబడుతుందని మాత్రం అడగరు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపున్న ఈ ప్రైవేటు పాఠశాల విషయంలో నేను ఆ ఒక్క సంగతే రాస్తాను. మిగతావన్నీ చుట్టుపక్కల బడుల్లో ఉన్నట్టే ఉన్నాయి.

2025 సెప్టెంబరు 7 ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అంతకు ముందు గురువారం ఆరు నుంచి పది తరగతుల పిల్లలకు దాని గురించి చెప్పడానికి ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి పిలిచారు. మా అబ్బాయి అప్పుడు ఎనిమిదో తరగతి. వారం ముందే ఇంటికి కాగితం వచ్చింది. వచ్చేది ఎవరు, ఏం చదివారు, ఏ అంశం, ఎంతసేపు, బడి ఆయనకు డబ్బు ఇస్తోందా, ఆయన ఏదైనా అమ్ముతారా అన్నవన్నీ అందులో ఉన్నాయి. చివర ఒక వాక్యం: గ్రహణ సమయంలో ఆహారం పాడవుతుందా అన్నది కూడా చర్చిస్తారని.

ఆ వాక్యంతోనే మొదలైంది. మా ఇంటి ఆచారాన్ని బడి ఎగతాళి చేస్తోందని ఒకరు తరగతి వాట్సాప్ గ్రూపులో రాశారు. మండల విద్యాధికారి దగ్గరికి వెళతామని మరొకరు. ఆచారాలు పాటించే ఆడవాళ్ళంతా చదువులేనివాళ్ళన్నట్టు ఇంకొకాయన రాసింది చదివి నాకు చాలా బాధ కలిగింది. నేను గ్రహణానికి ముందు పాలమీద, ఆవకాయ జాడీమీద గరిక వేస్తాను. విడుపు స్నానం చేస్తాను. అయినా నా కొడుకు ఆ నీడ లెక్క నేర్చుకోవాలని గట్టిగా కోరుకుంటాను. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమడవని ఎవరు చెప్పారు?

ఇక్కడ పాఠశాలను మెచ్చుకోవాలి. ప్రిన్సిపల్ మేడమ్ గ్రూపులో వాదనకు దిగలేదు. మర్నాడు పొద్దున్నే ఉత్తరం పంపారు. ప్రసంగం జరుగుతుంది. వద్దనుకునేవారి పిల్లలు ఆ గంట గ్రంథాలయంలో కూర్చోవచ్చు, హాజరు పోదు. తల్లిదండ్రులు వెనక వరుసల్లో కూర్చుని వినవచ్చు. అభ్యంతరాలుంటే సాయంత్రం నాలుగింటికి వచ్చి మాట్లాడాలి.

ఆ సమావేశానికి నేనూ వెళ్ళాను. అతిథి చెప్పబోయే విషయాల ప్రతిని ముందుగానే అందరికీ పంచారు. ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నారో మేడమ్ చెప్పారు. 2024 ఆగస్టులో చెన్నైలో రెండు ప్రభుత్వ పాఠశాలల్లో ఒక వక్త వైకల్యాన్ని పూర్వజన్మ పాపాలతో ముడిపెట్టి మాట్లాడాడు. చూపులేని ఉపాధ్యాయుడు ఒకరు అక్కడే లేచి నిలదీశారు. తర్వాత వక్తను అరెస్టు చేశారు, ప్రధానోపాధ్యాయులను బదిలీ చేశారు. ఎవరు వచ్చి ఏం చెబుతారో తెలియకుండా పిల్లల్ని కూర్చోబెట్టకూడదని అప్పుడే ఈ నియమాలు రాసుకున్నారట.

అందరిలోకీ మంచి ప్రశ్న ఒక తాతగారిది. "మనవడు ఇంటికొచ్చి వాళ్ళ నానమ్మను వెక్కిరిస్తే ఆ బాధ్యత ఎవరిదమ్మా?" అని అడిగారు. మేడమ్ కాసేపు ఆలోచించి, "మర్యాద నేర్పడం మా బాధ్యత కూడా, బాబాయిగారూ. అతిథికి ఆ మాట చెబుతాను. కానీ చంద్రుడు ఎందుకు ఎర్రబడతాడో చెప్పవద్దని మాత్రం ఆయనతో అనలేను" అన్నారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం రాజ్యాంగం 51ఎ అధికరణలో పౌరుల ప్రాథమిక విధిగా ఉందని గుర్తుచేశారు. ఆ తాతగారు ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు గాని, గురువారం వెనక వరుసలో ఆయన కూర్చుని ఉన్నారు.

ప్రసంగం బాగుంది. ఒక బల్బు, గ్లోబు, చిన్న బంతితో నీడ ఎలా పడుతుందో చూపించారు. సూర్యకాంతి భూమి వాతావరణంలోంచి వంగి వెళ్ళేటప్పుడు నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుందని, అందుకే చంద్రుడు రాగిరంగులోకి వస్తాడని చెప్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర చూసిన సంగతి చెబుతుంటే పిల్లలు కదలకుండా విన్నారు. గ్రహణానికి గుళ్ళన్నీ మూస్తారు కదా, శ్రీకాళహస్తి ఎందుకు తెరిచి ఉంటుందని ఒక అమ్మాయి అడిగింది. "అది ఆలయ సంప్రదాయం, అర్చకులను అడుగమ్మా. నీడ గురించి నన్ను అడుగు" అన్నారాయన. ఏ ఇంటినీ ఒక్క మాట అనలేదు.

లోపం ప్రశ్నల దగ్గరే వచ్చింది. సమావేశం తర్వాత జాగ్రత్త కోసమని ప్రశ్నలను చీటీలమీద రాయించి, టీచర్లు ముందుగా చదివి కొన్ని పక్కన పెట్టారు. మా అబ్బాయి రాసింది ఇది: కడుపుతో ఉన్నామె గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందా? ఆ చీటీ అతిథి దాకా వెళ్ళలేదు. ఆ బడిలోనే పెదవికి శస్త్రచికిత్స మచ్చ ఉన్న బిడ్డ ఉంది. ఆ తల్లి ఇన్నేళ్ళుగా ఎన్ని మాటలు పడిందో నేను విన్నాను. గర్భంలో తొలి వారాల్లోనే పై పెదవి భాగాలు సరిగా కలవకపోతే మొర్రి వస్తుంది. ఆకాశంలో నీడకు, దానికి సంబంధం లేదు. ఆ మాట అంతమంది తల్లుల ముందు, అంత మర్యాదగా మాట్లాడగలిగిన మనిషి నోట రావలసింది. గొడవ సద్దుమణిగింది కదా, మళ్ళీ ఎందుకని తీసేశామని తర్వాత చెప్పారు. నేను ఒప్పుకోను. ప్రసంగాన్ని ఆపనివ్వని ధైర్యం ఆ ఒక్క చీటీ దగ్గర కూడా ఉండవలసింది.

రెండో లోపం ఇంకా పెద్దది. నవంబరులో ఎనిమిది నుంచి పది తరగతులకు 'భవిష్యత్తుకు మార్గదర్శనం' అని మరో ప్రసంగం పెట్టారు. వచ్చింది ఒక కోచింగ్ సంస్థవారు. దీనికి ముందు కాగితం రాలేదు. అతిథి ఏం అమ్ముతారో ఎవరూ చెప్పలేదు. గంటసేపు ఐఐటీ ర్యాంకుల ఫొటోలు చూపించి, చివర్లో పిల్లలచేత తల్లిదండ్రుల ఫోను నంబర్లు రాయించుకున్నారు. ఆ తర్వాత వారాలపాటు ఫోన్లు. ఇప్పుడే చేరితే రాయితీ అంటారు, ఆలస్యమైతే మీ బాబు వెనకబడతాడంటారు. పదమూడేళ్ళ పిల్లవాడు రాత్రి అన్నం తింటూ, నేను ఇప్పటికే ఆలస్యమయ్యానా అమ్మా అని అడిగాడు. గ్రహణం మీద అంత గొడవపడిన గ్రూపులో దీనిమీద ఒక్క అభ్యంతరం లేదు. అడగడానికి వెళితే, అది ఉచిత అవగాహన కార్యక్రమమేనని కార్యాలయంలో చెప్పి పంపించారు. భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చిన పెద్దాయనకు వర్తించిన నియమం, మా నంబర్లు పట్టుకెళ్ళినవారికి ఎందుకు వర్తించదు?

వివాదం వచ్చినప్పుడు బెదరకుండా, ఎవరినీ చిన్నబుచ్చకుండా నడిపినందుకు నేను అయిదుకు నాలుగు ఇచ్చేదాన్ని. నవంబరు తర్వాత మూడు. చేర్పించాలనుకునేవారు నిస్సంకోచంగా వెళ్ళి చూడండి, ప్రిన్సిపల్ మేడమ్ ఎవరితోనైనా ఓపికగా మాట్లాడతారు. ఆ అతిథుల నియమాల కాగితం చూపించమని అడగండి, ఇస్తారు. కోచింగ్ సంస్థలకు అది వర్తిస్తుందా అని కూడా అడగండి. నేను అదే ప్రశ్న రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. వర్తిస్తుందని రాసిస్తే ఈ మూడును నాలుగు చేస్తాను.